వినే చెవులు కావాలి

పాలస్తీనా పిల్లలు అనగానే మనలో పెద్దవాళ్లకు ఒకటే బొమ్మ గుర్తుకొస్తుంది. ట్యాంకు ఎదురుగా రాయి పట్టుకుని నిలబడ్డ పిల్లోడు. 1987లో మొదలైన ఇంతిఫాదా, అంటే తిరుగుబాటు, ఆ రోజుల్లో పత్రికలన్నీ ఆ బొమ్మే వేసినయ్. ఇప్పటి వాళ్లకు ఇంకో బొమ్మ తెలుసు. తెల్లగుడ్డలో చుట్టిన చిన్న శవం. మొదటి దాంట్లో పిల్లోడు వీరుడు, రెండో దాంట్లో దిక్కులేనివాడు. రెండిట్లోనూ వాడి నోరు మూసే ఉంది. వాడు బళ్లో ఏ లెక్క రాక తిట్లు తిన్నాడో, రాత్రిపూట దేనికి ఉలిక్కిపడతాడో, దేనికి పగలబడి నవ్వుతాడో ఎవరూ అడగలేదు.

అడిగినవాళ్లు కొందరున్నారు. వాళ్ల గురించే ఈ పక్షం రాయదలిచాం. దూర దేశాల టీచర్లు, నాటకాల వాళ్లు, ఏ జీతం లేకుండా తీరిక చేసుకుని పాలస్తీనా తరగతి గదులతో కథల ద్వారా, నాటికల ద్వారా మాట కలుపుతూ వచ్చారు. నెత్తిన బాంబులు పడుతుంటే కథలేంటి, నాటకాలేంటి అంటారా? మేమూ మొదట అట్లాగే అనుకున్నాం. వివరాలు చూసిన కొద్దీ ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ముందు జెనిన్ సంగతి. వెస్ట్ బ్యాంక్ ఉత్తరాన ఉన్న ఊరది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డప్పుడు ఇళ్లూ పొలాలూ పోగొట్టుకుని వెళ్లగొట్టబడ్డ 7 లక్షల పైచిలుకు జనంలో కొందరు చివరికి అక్కడి శిబిరంలో తేలారు. శిబిరమంటే గుడారాలనుకునేరు. గుడారాలు పోయి ఎప్పుడో సిమెంటు గదులొచ్చినయ్, తరాలు మారినయ్, పేరు మాత్రం శిబిరమే. మన వాడలకు కాలనీ అనే పేరు అంటుకుపోయినట్టు.

తొలి ఇంతిఫాదా కాలంలో సైన్యం వెస్ట్ బ్యాంక్ బడులను నెలల తరబడి మూయించింది. జనం ఊరుకోలేదు. ఇళ్లల్లో, గ్యారేజీల్లో పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్పుకున్నారు. ఆ పనులు నడిపిన ప్రజా కమిటీలను 1988 ఆగస్టులో చట్టవిరుద్ధమని ప్రకటించారు. అక్షరం చెప్పడం నేరమైంది. ఈ మాట మన చెవికి కొత్తేం కాదు.

ఆ రోజుల్లోనే ఆర్నా మేర్ ఖమీస్ అనే యూదు స్త్రీ జెనిన్ శిబిరానికి వచ్చింది. కుర్రతనంలో యూదు సాయుధ దళంలో పనిచేసిన మనిషి. తర్వాత ఒక పాలస్తీనా కమ్యూనిస్టును పెళ్లాడి, తన ప్రభుత్వానికే ఎదురు తిరిగింది. రంగులూ కాగితాలూ తెచ్చి పిల్లలతో బొమ్మలు గీయించింది, నాటకాలు వేయించింది. 1993లో ఆమెకు ప్రత్యామ్నాయ నోబెల్ అని జనం చెప్పుకునే రైట్ లైవ్లీహుడ్ బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో శిబిరంలోనే ఒక ఇంటి మేడ మీద చిన్న నాటకశాల లేచింది. 1995లో ఆమె క్యాన్సర్‌తో పోయింది. 2002 ఏప్రిల్‌లో సైన్యం శిబిరం మీద పడ్డప్పుడు నాటకశాల కూడా నేలమట్టమైంది.

ఆ నాటకాల్లో పెరిగిన పిల్లలేమయ్యారు? కొందరు 2002లో శిబిరాన్ని కాపాడుతూ చచ్చిపోయారు. ఒకడు 2001లో ఇజ్రాయెల్ పట్టణం హదేరాకు పోయి వీధిలో ఆడవాళ్లను కాల్చి చంపి, తానూ చచ్చాడు. మేమిది దాచదలుచుకోలేదు. నాటకం నేర్పితే పిల్లలు సాధువులైపోతారనీ, యుద్ధం వాళ్లను ముట్టదనీ చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నట్టే. ఆర్నా కొడుకు జూలియానో 2004లో వచ్చిన 'ఆర్నాస్ చిల్డ్రన్' సినిమాలో ఇదంతా దాపరికం లేకుండా చూపెట్టాడు. బతికి మిగిలిన వాళ్లలో ఒకడైన జకారియా జుబేదీతోనూ, ఇంకా కొందరితోనూ కలిసి 2006లో మళ్లీ అక్కడే ఫ్రీడమ్ థియేటర్ పెట్టాడు. 2011 ఏప్రిల్ 4న ముసుగు మనిషి ఒకడు ఆ థియేటర్ దగ్గరే అతన్ని కాల్చి చంపాడు.

మన దేశానికీ ఆ థియేటర్‌కూ బంధం ఉంది. 1989 జనవరిలో సఫ్దర్ హాష్మీని పొట్టన పెట్టుకున్న దాడి మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన బృందం జన నాట్య మంచ్, జెనిన్ కళాకారులు కలిసి 2015 చివర్లో ఒక వీధి నాటకం తయారుచేసి మన దేశపు నగరాల్లో తిప్పారు.

ఇక గాజా. పొడవు 41 కిలోమీటర్లు. బస్సెక్కితే గంటలో దాటిపోయే నేల. 22 లక్షల జనం, అందులో సగానికి దగ్గర పిల్లలే. 2007 నుంచి ఇజ్రాయెల్ దిగ్బంధం పెట్టింది. ఇవతలి వైపు ఈజిప్టు గేటూ ఎక్కువ కాలం మూసే ఉండేది. అంటే 2007లో పుట్టిన పిల్లకు పదిహేనేళ్లొచ్చినా పక్క ఊరు చూడకపోయి ఉండొచ్చు. బడి మాత్రం ఉండేది. 1949లో ఐక్యరాజ్యసమితి పాలస్తీనా శరణార్థుల కోసం పెట్టిన 'ఉన్రా' అనే సంస్థ నడిపే బళ్లు. గదులు చాలక ఒకే బడిలో పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు చదివేవాళ్లు. కరెంటు రోజుకు కొన్ని గంటలే.

ఇట్లాంటి బడిలోకి 2015 ప్రాంతం నుంచి వారానికోసారి ఒక ముఖం కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమయ్యేది. హ్యాండ్స్ అప్ ప్రాజెక్ట్ అనే పేరుతో బ్రిటన్‌లో ఒక ఇంగ్లీషు టీచర్ మొదలుపెట్టిన పని ఇది. ఎక్కడో దేశంలో ఉన్న వాలంటీరు తెర మీద కథ చెబుతాడు. సగంలో ఆపి తర్వాతేమైందో మీరే చెప్పండి అంటాడు. పిల్లలు లేచి ఆ కథను ఆడి చూపిస్తారు. కొన్నాళ్లకు పిల్లలే నాటికలు రాయడం మొదలెట్టారు. ఐదు నిమిషాలో అటూ ఇటో ఉండే చిన్నవి. తెర లేదు, వేషాలు లేవు. కెమెరా కన్నే ప్రేక్షకుడు. ఏడుపు చూపించాలంటే ముఖాన్ని కెమెరాకు దగ్గరగా తేవాలి, పారిపోవడం చూపించాలంటే వెనక్కి నడవాలి. ఇంకో దేశపు తరగతి గదిలో పిల్లలు కూర్చుని చూస్తారు. తర్వాత వాళ్లు తమ నాటిక వేస్తారు, గాజా పిల్లలు చూస్తారు. అట్లా వచ్చిన నాటికలు 'టూత్‌బ్రష్' అనే పేరుతో పుస్తకంగా కూడా అచ్చయినయ్.

ఇందులో మాకు నచ్చింది కంప్యూటరు కాదు. మాట్లాడే వంతు గాజా పిల్లలకూ వచ్చింది గదా, అది నచ్చింది. ఇంకోటి కూడా. తెర అవతలి వాలంటీరు గొప్పవాడే కావచ్చు గానీ, ఆ గదిలో నిలబడి నలభైమంది పిల్లల్ని కూడగట్టి, వాళ్ల సిగ్గు పోగొట్టి నాటిక నడిపేది అక్కడి టీచరమ్మ. ఫోటోల్లో ఆమె పక్కకు పోతుంది. మన దగ్గరా అంతే గదా.

వాడల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఎదురైన అనుభవం ఒకటుంది. పట్నం నుంచో ఇంకా దూరం నుంచో కొందరు వస్తారు. గుడిసె ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోటోలు తీస్తారు. ముసలమ్మతో కష్టం చెప్పించుకుని కళ్లు తుడుచుకుంటారు. మళ్లీ రారు. ఆ ఫోటో ఎక్కడ అచ్చయిందో ఆ పిల్లలకు తెలియదు. పాలస్తీనా విషయంలోనూ ఈ రకం మనుషులకు కొదవ లేదు. కాబట్టి ఎవరైనా పిల్లల్ని కలుపుతున్నామంటే మేము రెండు ప్రశ్నలు వేస్తాం. వచ్చే వారం కూడా వస్తావా? నీ పిల్లలు కూడా తమ కథ చెబుతారా, లేక వీళ్ల ఏడుపు చూసి బిస్కట్ ప్యాకెట్లు పోగు చేసి ఊరుకుంటారా?

మరి భాష? ఈ నాటికలు ఇంగ్లీషులో నడుస్తాయి. 1917లో బాల్‌ఫోర్ ప్రకటన పేరుతో పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటు చేస్తామని మాటిచ్చింది బ్రిటన్. ఆ నేల మీద బతుకుతున్నవాళ్లను అడగలేదు. 1948 దాకా ఏలి, చేతులు దులుపుకుని పోయిందీ బ్రిటనే. ఆ దొర భాషలోనే పిల్లలు తమ గోడు చెప్పుకోవాలా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ మేక అమ్మి ఇంగ్లీషు మీడియం ఫీజు కట్టే తల్లులున్న వాడల నుంచి రాస్తున్నాం మేము. ఇంగ్లీషు వద్దని ఎదుటి పిల్లలకు చెప్పే హక్కు మాకు లేదు. గాజా పిల్లలు దాన్ని గోడకు పెట్టిన కన్నంలా వాడుకున్నారు. ఒక్కటే అంటాం. అవతలి తరగతి గది కూడా నాలుగు అరబ్బీ మాటలు నేర్చుకోవాలి, ఆ పిల్లల పేర్లు సరిగ్గా పలకడం నేర్చుకోవాలి.

అరబ్బీలోనే మొదలైన పని ఒకటుంది. మాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది అదే. 2008 డిసెంబరు నుంచి 2009 జనవరి వరకు గాజా మీద జరిగిన దాడిలో దాదాపు 1400 మంది పాలస్తీనీయులు చచ్చిపోయారు. ఆ తర్వాత అష్తార్ థియేటర్ అనే పాలస్తీనా నాటక సంస్థ గాజాలోని ముప్ఫైమంది పైచిలుకు కుర్రాళ్లతో, ఆడపిల్లలతో కూర్చుని ఎవరి అనుభవం వాళ్లతో రాయించింది. వీటికి 'గాజా మోనోలాగ్స్' అని పేరు. మన బళ్లో ఏకపాత్రాభినయం అంటామే, అట్లాంటివి. కాకపోతే ఇందులో దుర్యోధనుడు లేడు. పద్నాలుగేళ్ల పిల్ల తన మాట తాను చెప్పుకుంటుంది.

రాసిన పిల్లలు గాజా దాటి పోలేరు. మరి ఎవరు ఆడాలి? 2010 అక్టోబరు 17న 30కి పైగా దేశాల్లో, ఒకే రోజున, వాళ్ల ఈడు పిల్లలు ఆ మాటల్ని తమ నోటితో పలికారు. జాగ్రత్తగా ఆలోచించండి. గాజా పిల్ల మీద జాలితో ఒక దొరల పిల్ల పాట పాడటం వేరు. గాజా పిల్ల రాసిన మాటను కంఠస్థం చేసి, 'నేను' అని మొదలుపెట్టి పలకడం వేరు. ఆ 'నేను' అనడానికి నాలుగు వారాలు సాధన చెయ్యాలి. ఆ నాలుగు వారాలూ ఎదుటి మనిషి బతుకు నోట్లో నానుతుంది. గేటు దగ్గర మనుషుల్ని ఆపిన సైనికుడు ఈ మాటల్ని ఆపలేకపోయాడు.

ఇదంతా 2023 అక్టోబరుకు ముందు మాట. ఆ నెల 7న హమాస్ చేసిన దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1200 మంది చచ్చిపోయారు, 250 మందిని బందీలుగా పట్టుకుపోయారు. అది నేరమే. ఆ తర్వాత గాజా మీద జరిగినదాన్ని చెప్పడానికి మాత్రం మా దగ్గర మాటల్లేవు. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ అన్ననాటికి చనిపోయినవాళ్లు 67 వేలు దాటారని గాజా ఆరోగ్య శాఖ లెక్క. బడి ఈడు పిల్లలు 6 లక్షల మందికి పైగా బడి పోగొట్టుకున్నారు. పదింట తొమ్మిది బళ్లకు పైగా దెబ్బతిన్నయ్. నిలబడ్డ బళ్లు ఇల్లు పోయినవాళ్లకు తలదాచుకునే చోట్లయినయ్, వాటి మీదా బాంబులు పడ్డయ్. కథలు విన్న గదులు, నాటికలాడిన గదులు అవే.

కథలు రాయడం నేర్పిన గురువులూ పోయారు. రిఫాత్ అలరీర్ గాజా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాడు. శిష్యుల కథల్ని కూర్చి 2014లో 'గాజా రైట్స్ బ్యాక్' అనే పుస్తకం తెచ్చాడు. 2015లో మొదలైన 'మేము అంకెలం కాదు' అనే బృందానికి పునాది వేసినవాళ్లలో ఆయన ఒకడు. గాజా కుర్రాడొకడు రాస్తాడు, బయటి దేశపు రచయిత ఒకరు వాలంటీరుగా పక్కనుండి దిద్దుతారు, అదీ ఆ బృందం పద్ధతి. 2023 డిసెంబరు 6న వైమానిక దాడిలో అలరీర్ చనిపోయాడు. అదే నెల 13న జెనిన్‌లో సైన్యం ఫ్రీడమ్ థియేటర్ మీద పడి, మేనేజరు ముస్తఫా షేతాను పట్టుకుపోయింది. విచారణ లేకుండా ఏడాది దాటి జైల్లో పెట్టింది. 2025 జనవరిలో జెనిన్ శిబిరం జనాన్నే ఖాళీ చేయించారు. కథకూ నాటకానికీ బలం లేదనేవాళ్లు ఈ దాడులకు జవాబు చెప్పాలి.

అట్లాగని కథ బాంబును ఆపుతుందని మేము అనడం లేదు. ఆపలేదు గదా. దూర దేశాల వాలంటీర్లు వారం వారం మాట్లాడిన పిల్లల మీద బాంబులు వేసే దేశానికి తమ ప్రభుత్వాలే ఆయుధాలమ్మితే, ఆ వాలంటీరు తన ఊళ్లో వీధిలోకి రావాల్సిందే. చాలామంది వచ్చారు కూడా. తాము పేరు పెట్టి పిలిచిన పిల్లలు గనకే వచ్చారు.

2023లో అష్తార్ వాళ్లు లోకంలోని నాటక బృందాలన్నిటికీ పిలుపిచ్చారు. నవంబరు 29న, అంటే 1977లో ఐక్యరాజ్యసమితి పాలస్తీనా సంఘీభావ దినంగా ప్రకటించిన రోజున, గాజా పిల్లల ఏకపాత్రలు చదవమన్నారు. ఎన్నో దేశాల్లో చదివారు. సాయంత్రం బళ్లు నడిపే మన టీచర్లను, మహిళా సంఘాల అక్కల్ని, డప్పు బృందాల తమ్ముళ్లను మేము అడిగేది ఇదే. ఈసారి నవంబరు 29న మీ వాడలో ఒక్కటైనా చదవండి. మైకు అక్కర్లేదు. చదివే ముందు గోడ మీద పటం గీసి గాజా ఎక్కడుందో, సముద్రం ఎటువైపుందో చూపించండి. ఎలిమెంటరీ పిల్లల ముందు శవాల మాటలున్నవి చదవకండి. ఆ ఏకపాత్రల్లో ఆటలున్నయ్, అల్లరి ఉంది, అవి ముందు పెట్టుకోండి. చదివేది మన ఆడపిల్ల అయితే మంచిది. ఏడవమని ఎవరూ చెప్పొద్దు. అయిపోయాక మన పిల్లల చేతికి కాగితమిచ్చి, గాజా పిల్లకు జవాబుగా తమ ఇంటి సంగతి, బడి సంగతి రాయమనండి. పిల్లలు ఒప్పుకుంటే ఆ కాగితాలు మాకు పంపండి, అచ్చేస్తాం.

తెలుగులోకి తెచ్చుకోవడం పెద్ద పనేం కాదు. ఇంగ్లీషు చదవగలిగిన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే ఒక పక్షంలో నాలుగైదు ఏకపాత్రలు తెమిలిపోతాయి. మొదలుపెట్టే ముందు అష్తార్ వాళ్లకు ఉత్తరం రాసి అనుమతి అడగండి. రాసిన పిల్ల పేరు, అప్పటి వయసు పైన ఉంచండి.