లెక్క తేలితే చాలదు, సొమ్ము చేరాలి

జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌లలో తీసిన సినిమా ఊరి హాలుకు వచ్చినప్పుడు, వెనుకటి రోజుల్లో రీళ్ల పెట్టెతోపాటు డిస్ట్రిబ్యూటరు ప్రతినిధి కూడా వచ్చేవాడు. ఎన్ని టికెట్లు తెగాయో చూసుకోవడం అతని పని. అయినా లెక్కల మీద అనుమానాలు తీరేవి కావు.

కంప్యూటరు టికెట్టుతో ఆ తగాదా తగ్గుతుంది. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టాన్ని సవరించి, టికెట్లను ప్రభుత్వ ఆన్‌లైన్ విధానంలో అమ్మాలంది. లెక్క సంగతి సరే, సొమ్ము ముందు ప్రభుత్వ సంస్థ ఖాతాకు పోతే తిరిగి ఎప్పుడొస్తుందని హాళ్ల యజమానులు భయపడ్డారు. వివాదం హైకోర్టుకెక్కింది. 2022 జులైలో ఆ ఉత్తర్వులపై స్టే వచ్చింది.

రైతులకు ఈ భయం కొత్త కాదు. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తూకం క్షణాల్లో కంప్యూటరుకు ఎక్కుతుంది. డబ్బు కోసం మాత్రం వారాల తరబడి ఎదురు చూసిన సీజన్లున్నాయి.

టెండరు పెట్టె దగ్గర పోటీదారులను అడ్డుకునే దౌర్జన్యానికి, 2003లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ-ప్రొక్యూర్‌మెంటు చాలావరకు కళ్లెం వేసింది. పని పూర్తిచేసిన చిన్న కాంట్రాక్టరుకు బిల్లు కోసం తిరగడం మాత్రం తప్పలేదు.

తీసుకునేటప్పుడున్న వేగం ఇచ్చేటప్పుడు కూడా ఉండాలి. చెల్లింపుకు గడువు పెట్టాలి. గడువు దాటితే వడ్డీ కట్టాలి. ఏ బిల్లు ఏ అధికారి బల్ల మీద ఆగిందో అందరికీ కనబడాలి. అప్పుడే కంప్యూటరు వల్ల ప్రజలకు ఉపయోగం.