మా అమ్మాయి మైక్ ఎందుకు ఆపేస్తుంది?

పోయిన వేసవి సెలవల్లో ఒక మధ్యాహ్నం. అన్నాలయ్యాయి, గిన్నెలు తోమి బోర్లించి, కాస్త నడుం వాలుద్దామని హాల్లోకి వచ్చాను. గదిలో మా పెద్దాడు మొబైల్ పట్టుకుని "ఎడమ పక్క, ఎడమ పక్క! గోడ చాటున ఉన్నాడు!" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాడు. వాడు ఇంటర్. హాల్లో దివాన్ మీద తొమ్మిదో తరగతి చదివే మా చిన్నది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో నా ఫోను, ఆడుతున్నదీ అదే తుపాకుల ఆట. కానీ నోటి వెంట ఒక్క మాట లేదు.

"ఏమే, అన్న అట్లా అరుస్తుంటే నువ్వు నోరు మెదపవేం? నీ టీమ్‌లో వాళ్లతో మాట్లాడక్కర్లేదా?" అన్నాను.

"మైక్ ఆపేశానమ్మా."

"ఎందుకు?"

"ఆడపిల్లనని తెలిస్తే ఆడనియ్యరు."

కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. మొదట్లో రెండు మూడుసార్లు మాట్లాడిందట. గొంతు వినగానే ఒకడు "పోయి వంట చేసుకో" అన్నాడట. ఇంకొకడు ఫోన్ నెంబరు అడిగాడట. మరొకడు అన్న మాట అది నాకు చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ఆ రోజు నుంచి పేరు కూడా మార్చేసుకుంది. మగపిల్లాడి పేరు, పక్కన ఏవో అంకెలు. అంతే, ఇక ఏ గొడవా లేదట.

ఆ మధ్యాహ్నం నాకు నిద్ర పట్టలేదు.

వీడియో గేముల గురించి ఈవిడకేం తెలుసు అనుకోకండి. నేనూ ఆటలు ఆడేదాన్నే. చింతగింజలతో వామనగుంటలు, అష్టాచెమ్మా, శివరాత్రి జాగారంలో వైకుంఠపాళి ఆడి పెరిగిన తరం మనది. పెళ్లయ్యాక మిఠాయిలు జతచేసే ఆట ఒకటి మొబైల్లోకి వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో అయితే గూడూరులో మా అక్క, చెన్నైలో మా చెల్లెలు, ఇక్కడ సూళ్లూరుపేటలో నేను రోజూ రాత్రి లూడో కింగ్ ఆడేవాళ్లం. బొంబాయి వాళ్లు చేసిన ఆ ఆట ఆ ఏడాది ఎన్ని ఇళ్లను కలిపి ఉంచిందో మీకూ తెలుసు. అయినా మావారి దృష్టిలో మా అబ్బాయి "గేమర్", నేను "ఫోనుతో టైమ్‌పాస్ చేసేది". ఆడే వాళ్ల లెక్కలో మనం ఎప్పుడూ లేం.

తర్వాత మా అబ్బాయి, వాళ్ల పెదనాన్న కొడుకు కలిసి నాకు పెద్ద ఆటలు చూపించడం మొదలుపెట్టారు. నేను తెలుగు బి.ఏ. కదా, కథ ఉంటే చాలు, కూర్చుండిపోతాను. అలా చూడగా చూడగా ఈ ఆటల్లో ఆడవాళ్లు ఎక్కడున్నారు, మన వాళ్లు ఎక్కడున్నారు అని వెతకడం అలవాటైంది.

1981లో వచ్చిన డాంకీ కాంగ్‌లో ఆడమనిషి పని ఒకటే. గొరిల్లా ఎత్తుకుపోతే పైన నిలబడి కాపాడమని అరవడం. మన సినిమాల క్లైమాక్స్‌లో స్తంభానికి కట్టేసిన హీరోయిన్ గుర్తుకొచ్చింది. 1986లో మెట్రాయిడ్ అనే జపాను ఆట వచ్చింది. ఒంటినిండా కవచం, తలకు శిరస్త్రాణం వేసుకున్న వీరుడు ఆట మొత్తం ఒంటరిగా పోరాడతాడు. ఆటను త్వరగా ముగించగలిగితే చివర్లో ఆ కవచం తొలగుతుంది. లోపల ఉన్నది అమ్మాయి! అప్పట్లో ఆడిన వాళ్లు నోరెళ్లబెట్టారట. ఆ సంగతి విన్నప్పుడు సరదాగా అనిపించింది. ఇప్పుడు మా చిన్నదాన్ని చూస్తే అలా అనిపించడం లేదు. దానికీ ఒక శిరస్త్రాణం ఉంది. అది తీసే చివరి సీను మాత్రం లేదు.

ఇక మన వాళ్ల సంగతి. 1991లో స్ట్రీట్ ఫైటర్ రెండో ఆటలో ధల్సిమ్ అని ఒక భారతీయుడున్నాడు. మెడలో పుర్రెల దండ, నోట్లోంచి మంటలు, సాగిపోయే కాళ్లూ చేతులూ, వెనకాల ఏనుగులు. మనదేశం అంటే బయటి వాళ్లకు అప్పట్లో అంతే మరి.

2016లో ఓవర్‌వాచ్ అనే అమెరికా ఆటలో సిమెట్రా వచ్చింది. అసలు పేరు సత్య. పుట్టింది హైదరాబాద్‌లో, కటిక పేదరికంలో. తెలివి చూసి ఒక కంపెనీ చిన్నప్పుడే తీసుకుపోయి చదివించింది. కాంతిని అల్లి వంతెనలు, గోడలు కట్టే ఇంజనీరు. ఆమెకు ఆటిజం ఉందని కూడా ఆట తయారుచేసిన వాళ్లు తర్వాత చెప్పారు. మన ఊరి పిల్ల, లెక్కలు వచ్చిన పిల్ల, పైగా పేరు సత్య! పొంగిపోయాను. నరకాసురుడి మీద విల్లెక్కుపెట్టిన సత్యభామ నాకు ఎప్పటినుంచో ఇష్టం. నాచన సోముడూ, పోతనా ఇద్దరూ ఆ యుద్ధాన్ని ఎంత మురిసిపోతూ రాశారో చదివిన వాళ్లకు తెలుసు.

కానీ ఇంటిపేరు చూస్తే వాస్వానీ. అది సింధీల ఇంటిపేరు. హైదరాబాద్‌లో సింధీ కుటుంబాలున్న మాట నిజమే కాబట్టి తప్పని అనలేను. ఎవరైనా ఒక తెలుగింటి వాళ్లను అడిగి ఉంటే బాగుండేది కదా అనిపించింది. ఆమెకు కొనిపెట్టగలిగే వేషాల్లో ఒకటి దేవి వేషం. దాని మీద అమెరికాలోని హిందువుల నుంచి అభ్యంతరం కూడా వచ్చింది. నాకు దాని మీద కోపమేం రాలేదు. మన బొమ్మలు గీసేటప్పుడు దేవతో, యోగో తప్ప మామూలు మనిషి గుర్తుకు రారేమిటి అని మాత్రం అనుకున్నాను.

మన వాళ్లు చేసినవి వేరేగా ఉంటాయి. 2020లో పూణే వాళ్లు 'రాజీ' అనే ఆట చేశారు. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్లే అక్క కథ. ఎత్తుకుపోబడింది అబ్బాయి, కాపాడేది అమ్మాయి! మధ్యమధ్యలో కథను తోలుబొమ్మలాటలా నీడబొమ్మలతో చెబుతారు. మా అత్తగారు కూడా వచ్చి కూర్చుని చూసింది.

అన్నిటికన్నా నన్ను కదిలించింది మాత్రం 'వెన్బా'. 2023లో కెనడాలో స్థిరపడ్డ తమిళ సంతతి వాళ్లు చేశారు. అందులో కథానాయిక ఒక అమ్మ. కత్తి లేదు, తుపాకి లేదు. 1980లలో దేశం వదిలి వెళ్లిన ఇల్లాలు, ఉద్యోగం దొరక్క అవస్థ పడే భర్త, పెరిగే కొద్దీ తల్లి భాషకు దూరమయ్యే కొడుకు. వాళ్లమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, మరకలు పడి ఉంటుంది. పోయిన వాక్యాలను మనమే ఊహించి వండాలి. మొదటిదే ఇడ్లీ. రేకులు ఎట్లా పేరిస్తే ఆవిరి అన్నిటికీ తగులుతుందో ఆలోచించి పెట్టాలి. మా అబ్బాయి రెండుసార్లు తప్పు పెట్టాడు. మా అత్తగారిది పొన్నేరి పక్క పల్లె. లాప్‌టాప్‌లోంచి తమిళ పాట వినబడగానే వంటింట్లోంచి వచ్చి, "ఏందిరా అబ్బయా, అంత చదువు చదివి ఇడ్లీ రేకులు పెట్టను తెలియదా నీకు?" అంది. ఇరవై ఏళ్లుగా నేను రోజూ చేసే పని ఒక ఆటలో చిక్కుముడిగా మారడం, మా అబ్బాయి దాన్ని విప్పలేక తల గోక్కోవడం చూసి నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

"వంటింట్లోంచి బయటికి రావాలంటారు, మళ్లీ వంట ఆట చూసి మురిసిపోతారు" అని మీరు అనొచ్చు. నేనూ అనుకున్నాను. "పోయి వంట చేసుకో" అన్న మాటలో వంట తిట్టు. వెన్బాలో వంట చదువు, జ్ఞాపకం, తల్లీకొడుకుల మధ్య మిగిలిన వంతెన. వంట అదే, చూసే కన్ను వేరు. ఆ అమ్మను గీసిన వాళ్లు అలాంటి అమ్మ చేతి తిండి తిన్నవాళ్లు.

ఆటల్లో మన బొమ్మలు ఉండాలా అంటే ఉండాలి. బాగా ఉండాలి. అయితే మా చిన్నది చెప్పింది విన్నాక నాకు ఇంకో సంగతి తట్టింది. దాన్ని తిట్టిన ఆ ఆటలో ఆడబొమ్మలకు లోటేమీ లేదు. మగపిల్లలే చాలామంది ఆడబొమ్మను ఎంచుకుంటారు. డబ్బులు పెట్టి దానికి బట్టలు, జడలు కొంటారు. మా పెద్దాడి బొమ్మ కూడా ఆడపిల్లే! మన కూచిపూడిలోనూ తరాల తరబడి సత్యభామ వేషం మగవాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామను చూసి ఆడవాళ్లే అసూయపడ్డారని మా నాన్న చెప్పేవారు. గొప్ప కళే, కాదనను. కానీ అప్పుడైనా ఇప్పుడైనా వేషానికి ఉన్న చోటు మనిషికి ఇవ్వడానికి మనకు చాలా కాలం పడుతుంది. మా అబ్బాయి ఆడబొమ్మతో తిరిగితే ఎవరూ ఏమీ అనరు. మా అమ్మాయి తన గొంతుతో మాట్లాడితే తప్పయింది.

మావారితో చెబితే "అయితే ఆ ఆట తీసేయ్, పీడా పోతుంది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ తిట్టిన వాళ్లు హాయిగా ఆడుకుంటుంటే, తిట్లు తిన్నది ఫోను వదిలేయాలా? రేపు కాలేజీలో, ఎల్లుండి ఆఫీసులో ఇదే జరిగితే అక్కడా మానిపిస్తామా? పొద్దున్నే మెడలో ఐడీ కార్డులతో షార్ బస్సు ఎక్కే ఆడవాళ్లను చూస్తూ పెరుగుతున్న పిల్ల ఇది.

రాత్రి పెద్దాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. "నీ టీమ్‌లోకి ఎప్పుడైనా ఆడపిల్ల వచ్చిందా?" వచ్చిందన్నాడు. "మీ వాళ్లేమన్నారు?" కాసేపు నేల చూశాడు. "ఏదో ఎగతాళి చేశారమ్మా." "నువ్వు?" "నేనేం అనలేదు. నవ్వానంతే."

నవ్వానంతే! ఆ మాట నాకు చెల్లెల్ని తిట్టిన వాడి మాట కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే వీణ్ణి పెంచింది నేను. "నీ చెల్లెలు మైక్ ఎందుకు ఆపేసుకుందో కనుక్కో" అన్నాను. వాడు వెళ్లి అడిగాడు. చాలాసేపు బయటికి రాలేదు.

అక్కడితో నా పని అయిపోయిందనుకుంటే తప్పే. ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. మధ్యాహ్నం గదిలోంచి అబ్బాయి అరుపులు విని నేను విసుక్కోలేదు. కానీ ఈ పిల్ల నాలుగేళ్ల వయసు నుంచీ గట్టిగా నవ్వినా, అరిచినా "మెల్లగా, వీధిలోకి వినబడుతుంది" అన్నది ఎవరు? మైక్ ఆపడం దానికి మొదట నేర్పింది ఆ ఊరూపేరూ లేని పిల్లలు కాదు. నేనే.

ఇప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే టీమ్‌లో ఆడుతున్నారు. దాన్ని ఎవరైనా ఏమైనా అంటే వీడు ముందు మాట్లాడాలి, రిపోర్టు కొట్టాలి, మళ్లీ అంటే ఇద్దరూ కలిసి బయటికి వచ్చేయాలి. ఇది మా ఇంటి ఒప్పందం. ఊళ్లో అందరి పిల్లలూ మారిపోతారని కాదు. మా ఇంట్లో నుంచి ఒక నవ్వు తగ్గితే చాలు.

మొన్న సాయంత్రం ఉన్నట్టుండి హాల్లోంచి "అన్నా! వెనకాల ఉన్నాడు, వెనకాల!" అని మా చిన్నది పెట్టిన కేకకు పొయ్యి దగ్గర నా చేతిలో గరిటె జారింది. "మెల్లగా..." అనబోయి నోరు మూసుకున్నాను. మా అత్తగారు మాత్రం వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా అంది, "అరవనీమా. కోటలో రాకెట్ లేసినప్పుడు కిటికీలన్నీ అదురుతుండాయి, దాన్ని ఎవురన్నా మెల్లగా పొమ్మంటుండారా?"