కంపెనీ మూతపడింది.. మరి కారు సంగతేంటి?

ఎలక్ట్రిక్‌ వాహనాల రంగంలో కెరియర్‌ అనుకుంటున్నారా? అయితే ఫిస్కర్‌ కథ తెలుసుకోవాల్సిందే. ఈ అమెరికన్‌ కంపెనీ 2022లో హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌, సాఫ్ట్‌వేర్‌ పనుల కోసం ఆఫీసు కూడా తెరిచింది. రెండేళ్లకే, 2024 జూన్‌లో, దివాలా పిటిషన్‌ వేసింది. (హెన్రిక్‌ ఫిస్కర్‌ పెట్టిన తొలి కార్ల కంపెనీ 2013లోనే దివాలా తీసింది లెండి!)

దీనికి సొంత ఫ్యాక్టరీ లేదు. ‘ఓషన్‌’ కారును ఆస్ట్రియాలో మాగ్నా సంస్థ తయారుచేసిచ్చేది. 2023లో 10 వేలకు పైగా కార్లు తయారైతే, కొన్నవాళ్లకు చేరినవి 5 వేలలోపే. 2024 మార్చిలో ఖరీదైన వెర్షన్‌ ధరను 61,499 డాలర్ల నుంచి ఏకంగా 37,499కి దించేశారు. అంతకుముందు కొన్నవాళ్ల సంగతి ఊహించండి.

డబ్బు నష్టం ఒక ఎత్తు, సాఫ్ట్‌వేర్‌ మరో ఎత్తు. అప్‌డేట్లు రావాలన్నా, లోపాలు సరిచేయాలన్నా కంపెనీ సర్వర్లే దిక్కు. మిగిలిన 3 వేలకు పైగా కార్లను న్యూయార్క్‌లోని ఓ లీజింగ్‌ సంస్థ కొనుక్కుంటే, వాటి డేటాను వేరే సర్వర్‌కు మార్చడం సాంకేతికంగా కుదరదన్నారు. ఈవీ స్టార్టప్‌ ఇంటర్వ్యూకి వెళ్తే ప్యాకేజీతో పాటు ఈ సర్వర్ల సంగతీ అడగండి, తప్పేం లేదు.

ఓనర్లు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సంఘం పెట్టుకున్నారు. విడిభాగాలు, తాళాలు ఎక్కడ దొరుకుతాయో వాళ్లే వెతుక్కుంటున్నారు. కోడింగ్‌ వచ్చినవాళ్లయితే కారు సాఫ్ట్‌వేర్‌నే విప్పి చూస్తున్నారు.