కోళ్ల దాణా: ఇథనాల్‌కి వెళ్తున్న మొక్కజొన్న.. కోడి పొట్టలో పీచు చిక్కు! నష్టం ఎవరికి?

పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి, షెడ్డులో కోడి బరువుకి సంబంధం ఏంటి అనుకుంటున్నారా? ఆ రెండింటి మధ్య ఉన్నది మొక్కజొన్న.

2025లో పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని దేశం అందుకుంది. అందులో పెద్ద వాటా మొక్కజొన్నదే. బ్రాయిలర్ దాణాలో సగానికి పైగా ఉండేదీ అదే గింజ. రేటు పెరిగినప్పుడల్లా దాణా తయారీదారులు నూకలు, సజ్జలు, గోధుమలు, తవుడు, ఇథనాల్ తీశాక మిగిలే డీడీజీఎస్ వైపు చూస్తారు. నూకలతో పీచు ఇబ్బంది పెద్దగా లేదు. మిగతా వాటితోనే జాగ్రత్త. మొక్కజొన్నలో ముడి పీచు 2 శాతం చుట్టూ ఉంటుంది. పిండి పదార్థం ఇథనాల్‌గా మారిపోవడంతో, డీడీజీఎస్‌లో అది దాదాపు మూడు రెట్లు అవుతుంది.

పీచు అంతా ఒకటేనా?

కాదు. గోధుమ, బార్లీల్లో నీటిలో కరిగే పీచు ఎక్కువ. అది పేగులో జిగురులా మారి పోషకాలు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. రెట్ట పలచబడుతుంది, లిట్టర్ తడిసి అమ్మోనియా వాసన పెరుగుతుంది, కాళ్లకు పుండ్లు పడతాయి. చిన్న పిల్లలకు ఈ దెబ్బ ఎక్కువ. అందుకే గోధుమ దాణాలో జైలనేజ్ లాంటి ఎంజైమ్ కలుపుతారు.

వరి ఊక, ఓట్స్ పొట్టు లాంటి కరగని పీచు తీరు వేరు. ముతకగా, 2, 3 శాతం వరకు ఉంటే కందనకాయ గట్టిపడి జీర్ణం మెరుగవుతుంది. మోతాదు మించితే మాత్రం దాణాలో శక్తి తగ్గి ఎదుగుదల కుంటుపడుతుంది.

బస్తా మీద అంకె చాలదు

బస్తాపై ఉండే ముడి పీచు శాతంలో కరిగే పీచు చాలావరకు లెక్కలోకి రాదు. అంటే ఒకే అంకె ఉన్న రెండు బస్తాలు కోడి పొట్టలో వేర్వేరుగా పనిచేయొచ్చు.

భారం రైతుదే

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది బ్రాయిలర్ రైతులు కంపెనీలతో ఒప్పందం మీద కోళ్లు పెంచుతున్నారు. పిల్లలు, దాణా కంపెనీవే. రైతుకొచ్చే గ్రోయింగ్ ఛార్జీ మాత్రం ఎఫ్‌సీఆర్‌ని, అంటే కిలో బరువుకి ఎంత దాణా పట్టిందన్న లెక్కని బట్టి మారుతుంది. 5,000 కోళ్లు, ఒక్కోటి 2 కిలోలు అనుకుందాం. ఎఫ్‌సీఆర్ 1.6 నుంచి 1.7కి పెరిగితే టన్ను దాణా అదనం. దాణాలో ఏం కలిపారో రైతు చేతుల్లో లేదు, కోత మాత్రం అతని లెక్కలోనే పడుతుంది.

అందుకే దాణా మారిన తేదీ, లాట్ నంబర్ రాసుకోవాలి. వారం వారం తూకం వేయాలి. ఏ గింజ వాడారు, ఎంజైమ్ కలిపారా అని సూపర్‌వైజర్‌ని అడగాలి. బ్యాచ్ చివర కోతపై మాట వస్తే రైతు చూపించగలిగేది ఆ రాతలే.