కంఠమునకు సోకిన సెగ

ఇంట నగ్నిప్రమాదము జరిగినపుడు మనము మొదట చూచునది చర్మము. బొబ్బలు లేవు, ముఖము చెడలేదు గదా యని యూరడిల్లుదుము. సోదరీమణులారా! ఆ యూరట యొక్కొక్కప్పుడు ప్రాణాంతకమగును. పైకి గాయము కానరాకున్నను లోపల గొంతు కాలియుండవచ్చును.

1942వ సంవత్సరము నవంబరు 28వ తేదీ రాత్రి అమెరికాలోని బోస్టను నగరమున కోకోనట్ గ్రోవ్ అను విలాసశాల కాలి 492 మంది మరణించిరి. వారిలో కొందరి దేహములపై గాయములు స్వల్పమే. వారిని బలిగొన్నవి పొగయు, వేడిగాలియు. ఈ లోపలి గాయమును గూర్చి వైద్యులు నాడు నేర్చుకొనినది చాల గలదు.

వేడిగాలి సాధారణముగా గొంతు పైభాగమునే కాల్చును; క్రిందికి దిగులోపల చల్లారును. నీటియావిరిలో వేడి మిక్కుటము గావున నది మరింత లోతునకు బోవును. పొగలోని విషపదార్థములు ఊపిరితిత్తులను చెఱచును. అందలి కార్బన్ మోనాక్సైడు అను వాసనలేని వాయువు, ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన పట్టుతో రక్తము నంటుకొనును.

ఇందలి మోసమేమన, కాలిన గొంతు వెంటనే వాయదు. కొన్ని గంటలకు వాచి, ఊపిరిదారిని మూసివేయును. సాయంకాలము చక్కగా మాటలాడిన మనిషి నడిరేయి ఊపిరాడక తల్లడిల్లవచ్చును. పసిపిల్లల శ్వాసనాళము సన్నము. వారికి ముప్పు మరింత త్వరితము.

గుర్తింపవలసిన చిహ్నము లివి: ముక్కువెండ్రుకలు కమరుట, నోటను ముక్కునను మసి, నల్లని కళ్లె, బొంగురు గొంతు, ఊపిరిలో ఈలవంటి చప్పుడు, తలనొప్పి, మగత. మూసిన గదిలో పొగయందు చిక్కినవారిని, ఇవి లేకున్నను, వైద్యునికి చూపవలెను.

తెలివియున్నవారిని మంచిగాలిలో కూర్చుండబెట్టి 108కి ఫోను చేయుడు. గొంతు చల్లబడునని నేయియో, తేనెయో, పాలో పోయకుడు. అవి ఊపిరితిత్తులలోనికి జారవచ్చును. ఆసుపత్రిలో ప్రాణవాయువు నిచ్చి, అవసరమైనచో వాపు ముదురకముందే గొట్టము నమర్తురు. ముదిరిన పిదప నా పని మిక్కిలి కష్టము.

మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి గలదు. వంటయింటి మంట నార్పి, "నాకేమియు కాలేదు" అని మరల పనిలో దిగునది గృహిణియే. ఆ మాటను నమ్మకుడు. ఆ మాట పలికిన కంఠమును వినుడు. అది బొంగురుపోయినచో, తెల్లవారువరకు ఆగకుడు.