కాపిశాయనమా, తాటికల్లా?

ఇటీవల విజయవాడలో ఒక విద్యావంతుల యింట విందు జరిగినది. గృహస్థు ఫ్రాన్సు దేశపు బుర్గుండీ ద్రాక్షాసవమును తెప్పించి, ఆ మండలపు సున్నపునేలయు, ఎండయు దాని రుచిలో నెట్లు తెలియునో రసికతతో వర్ణించెను. వినువారు తల లూపిరి. ఆ వారముననే, సెలవుదినమున తాటికల్లు త్రాగెనన్న కారణముచే ఆయన తన తోటమాలిని పనినుండి తొలగించెను. రెండును నే నెరిగినవే. ఇది యేమి న్యాయము?

ఆసవమును అది పుట్టిన నేల పేరుతో మన్నించుట పాశ్చాత్యుల నాగరికత యని మనవారి భ్రమ. నేటి ఆఫ్గనిస్థానములోని కాపిశీనగరము పేర 'కాపిశాయన' శబ్దమును సాధించుటకు పాణిని ఒక సూత్రమునే చేసెను. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్రాక్షారసపు మధువును దేశనామములతోనే కాపిశాయనము, హారహూరకము అని వ్యవహరించినది. ఊరి పేరు ఆ యూరి ఆసవమునకే చెందవలెనని ఫ్రాన్సు 1935లో కట్టుదిట్టము చేసినది. మన దేశమునను భౌగోళిక సూచికల చట్టము 1999లో పుట్టి 2003లో అమలునకు వచ్చినది. 2017లో బనగానపల్లె మామిడికి ఆ గౌరవము దక్కినది. నేలకు రుచి కలదని యింతగా ఒప్పుకొన్న మనము, కృష్ణా డెల్టా చేలగట్లమీది తాడిచెట్టుకు మాత్రము అది లేదనుట యెట్లు?

గీతవానిని అడిగి చూడుడు. శీతకాలపు ఈతకును వేసవి తాడికిని, పోతుతాడికిని పెంటితాడికిని, తెల్లవారుజామున దించినదానికిని ఎండ యెక్కిన పిదప దించినదానికిని గల భేదములన్నియు వాని నాలుక కెరుక. నడుమునకు మోకు బిగించి, ప్రాణము నొడ్డి చెట్టెక్కువానికి రసజ్ఞుడను పేరు లేదు; కుర్చీలో కూర్చుండి గ్లాసు త్రిప్పువానికి కలదు!

"మద్యపానమును సమర్థించుచున్నారా?" యని కొంద రడుగుదురు. కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరుగబడిన తల్లులకు నేను నమస్కరించుచున్నాను. వారి ఉద్యమ ఫలముగా 1993లో సారానిషేధమును, 1995లో మద్యనిషేధమును వచ్చినవి. 1997లో ఆ మద్యనిషేధము సడలినది. ఆ తల్లుల వాదము సూటియైనది: కూలిడబ్బు ఇల్లు చేరవలెను. సీసా వెలనుబట్టి వారు నీతిని మార్చలేదు, మనము మార్చుచున్నాము. త్రాగుడు దోషమైనచో స్ఫటికపాత్రలోను దోషమే. రుచి యెరుగుట సంస్కారమైనచో మట్టిముంతలోను సంస్కారమే.

మరి గీతవాని గతి యేమి? మార్గము చెట్టుమీదనే యున్నది. సున్నము పూసిన కుండలో రాత్రి పట్టి, ప్రొద్దు పొడువకముందే దించిన రసము పులియక తీయని నీరా యగును. దానిని కాచినచో తాటిబెల్లము. మద్యనిషేధమును కోరిన గాంధీమహాత్ముడే తాటిబెల్లపు పరిశ్రమను ప్రోత్సహించెను. వృత్తిని చెరుపక వ్యసనమును మాన్పుటయే అందలి మర్మము. వృత్తిని నిందించి వ్యసనమును సీసాలో దాచుకొనుట సంస్కరణము కాదు, కులాభిమానము.

పాఠకులారా! వచ్చు వేసవిని మీ యింటికి నీరాయో తాటిబెల్లమో తెచ్చునపుడు అది యే యూరిదని అడుగుడు. ఆ యూరి పేరుతోనే మెచ్చుకొనుడు. తగిన వెల నిండు. ఇక ఆ గృహస్థు తన సీసానైనను ఇల్లు వెడలింపవలెను, లేదా తోటమాలినైనను మరల పిలువవలెను. న్యాయమునకు మూడవ త్రోవ లేదు.