నేతన్న ఉన్నాడు, నేతక్క ఏదీ?

మిల్లు మూతపడితే అది వార్త. గేటుకి తాళం పడుతుంది, హాజరు పట్టీలో పేర్లుంటాయి, యూనియన్ జెండా ఉంటుంది. 1934లో మొదలై 2002లో మూతపడిన వరంగల్ ఆజంజాహీ మిల్లు గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం. మాట్లాడుకోవాలి కూడా. మరి రాజంపేట పక్కన పుల్లంపేటలో మరమగ్గం పోటీకి తట్టుకోలేక ఒక్కో చేనేత మగ్గం ఆగిపోతే? ఇంటికి గేటు లేదు, తాళం పడదు. అందుకే అది మూసివేత కాదట!

"మగ్గం నిల్చిపోయినాక మా ఆయన్ను అందరూ అడిగినారు, ఇప్పుడేం పని చేస్తాండావని. నన్నెవురడిగినారమ్మా?" అంది అక్కడొకామె. చిన్నప్పటి నుంచీ కండెలు చుట్టిన మనిషి. చీర మజూరీ మాత్రం మగ్గం మీద కూర్చున్న మగవాడి చేతికొచ్చేది. ఆమె పనికి కూలీ లేదు కనుక ఆమెకు పని పోవడమూ లేదు. ఎంత సులువైన లెక్క!

ఈ తప్పులో నాకూ భాగముంది. సాహిత్యంలో పరిశోధన చేసిన రోజుల్లో 'నేతగాడి కుటుంబం' అంటూ పేజీలు నింపాను. కండె చుట్టే చెయ్యి నా వాక్యాల్లో 'సాయం'గానే మిగిలింది. భాషలో నేతన్న ఉన్నాడు, నేతక్క లేదు. 2019లో వచ్చిన పథకం పేరూ నేతన్న నేస్తమే. 2019-20 చేనేత గణన ప్రకారం మాత్రం దేశంలోని 35 లక్షల చేనేత కార్మికుల్లో 25 లక్షల మందికి పైగా స్త్రీలే!

మగ్గం వదిలిన చేతులకు కుట్టు ఫ్యాక్టరీలైనా దొరుకుతాయన్నారు. 2005 జనవరి 1న ప్రపంచ వస్త్ర వ్యాపారంలో కోటాలు పోయాయి. ఆడవాళ్ల శ్రమ ఎక్కడ చవకైతే ఆర్డర్లు అక్కడికి పరిగెత్తాయి. 2013లో ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. మన పని బంగ్లాదేశ్ లాక్కుపోయిందనే వాళ్లు ఆ శిథిలాలకేసి చూడాలి.

రాజంపేట ఆడవాళ్ల దగ్గరికి పని రాలేదు. వాళ్లే పనిని వెతుక్కుంటూ కువైట్ పోయారు. పెట్టుబడి సముద్రం దాటితే అభివృద్ధి. ఆడది దాటితే గుసగుసలు. పెట్టుబడికి కఫీల్ అక్కర్లేదు, ఆమె వీసా మాత్రం యజమానితో ముడిపడి ఉంటుంది. ముప్ఫై ఏళ్లు నిండందే ఇంటిపనికి పోగూడదని మన ప్రభుత్వం రక్షణ పేరిట నిబంధన పెట్టింది. ముందు తలుపు మూస్తే ఏజెంటు దొడ్డిదారి తెరుస్తాడు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని 2015లో కువైట్ చట్టం చేసింది. మూసిన తలుపుల వెనక ఆ గంటలు ఎవరు లెక్కపెడతారు?

పరాయి దేశాన్ని నిలదీద్దాం, తప్పకుండా. కానీ ఇంటి గడప లోపల ఆమె గంటల్ని మొదట లెక్కపెట్టనిది మనమే. కండె చుట్టడానికి విడిగా కూలీ కట్టాలి. అది ఆమె చేతికే అందాలి. ఆమె చేసిన పనిని పని అనని మనకు, ఆమె వలసపోయిందని కన్నీళ్లు పెట్టుకునే హక్కు ఎక్కడిది?